దోమ నడిపే తమ్ముడికి

ఎవారిస్తో,
నువ్వు నడిపే మందు యంత్రాన్ని ఈ మైదానంలో అందరూ దోమ అంటారు.
పొడుగు కాళ్లూ, చాపిన రెక్కలూ.
చేను మీద వాలి తాగదు, ఉమ్ముతుంది.
పురుగుల్ని చంపేదానికి పురుగు పేరు పెట్టినవాడు
నవ్వుతూ పెట్టాడో, భయపడుతూ పెట్టాడో.

మంగళవారం గోయెనెచే వాళ్ల మొక్కజొన్నకి కలుపు మందు కొట్టావు.
శుక్రవారం అవతలి గట్టున
బెర్తోలోత్తి గోధుమకి పురుగు మందు.
కంచె తగాదాలో ఆ రెండిళ్లకీ పదకొండేళ్లుగా మాటల్లేవు.
పెళ్లిలో ఎదురుపడితే ఒకడు టోపీ సర్దుకుంటాడు,
ఇంకొకడు ఆకాశంలో మబ్బు వెతుక్కుంటాడు.
ఇద్దరి చేలల్లోకీ వెళ్లేది నువ్వొక్కడివే.
నువ్వూ, తీతువు పిట్టలూ.

శనివారం రాత్రి వాన.

పురుగుల్ని లెక్కపెడితే జీతమిస్తారా అని
అమ్మ ముందు నన్ను ఎన్నిసార్లు ఆటపట్టించావు!
ఇస్తారు. తోతోరాస్ వాగు అడుగు బురదలోంచి
దారప్పోగంత ఎర్ర పిల్లపురుగుల్ని తెచ్చి
గాజు గ్లాసుకి ఇరవై చొప్పున వేస్తాను.
చిన్నప్పుడు మనం దోసిలితో పట్టిన వెండి చేపలకి
మొదటి ముద్ద ఇవే.
కుంచె కొసతో తాకుతాను.
మెలిక తిరిగితే బతికున్నట్టు.

కలుపు మందొక్కటే కలిపిన గ్లాసులో
రెండు రోజులయ్యాక ఇరవైకి ఇరవై మెలికలు.
గడ్డిని చంపేది పురుగునేం చేస్తుందే అన్నావు, నిజమే.
పురుగు మందొక్కటే, బాగా పల్చగా:
రెండు కదల్లేదు.
సున్నా. రెండు.
రెండూ కలిపిన గ్లాసులో ఎవరు లెక్కేసినా
రెండే పోవాలి కదా.

పదమూడు.

కుంచె మార్చాను. గ్లాసు మార్చాను.
వారం ఆగి మళ్లీ వేశాను.
పద్నాలుగు. పన్నెండు. పదమూడు.

మా ల్యాబు పెద్దావిడ ఫిలోమేనా
మాతే గొట్టం నోట్లోంచి తీయకుండానే చెప్పింది:
ప్రతి ఒంట్లోనూ ఒక పనివాడుంటాడు,
లోపలికొచ్చిన చెడుని విప్పి బయటపడేసేవాడు.
కలుపు మందు ఎవర్నీ కొట్టదు.
వెళ్లి ఆ పనివాణ్ణి నిద్ర లేపుతుంది.
ఒకడున్న చోట నలుగురవుతారు.
అప్పుడొస్తుంది పురుగు మందు, ఒరలో కత్తిలా.
వీళ్లు ఆత్రంగా, మంచి మనసుతో,
దాన్ని విప్పుతారు.
ఒర ఊడొస్తుంది.

ఇంటి దొంగనైతే తిట్టుకోవచ్చు.
ఇంటి కాపలావాడే, ఇల్లు కాపాడుతున్నాననుకుని
గడియ తీస్తే
ఎవర్ని తిట్టాలి, చెప్పు?

నీ షెడ్డుకెళ్లి డబ్బాల మీది రాతలన్నీ చదివాను.
ఒక్కో డబ్బా తన గురించి నిజమే చెబుతోంది.
పక్క డబ్బా సంగతి దానికి తెలియదు.
గోయెనెచే కొలత తప్పలేదు. బెర్తోలోత్తీ తప్పలేదు.
నువ్వు గాలి చూసుకునే రెక్కలు విప్పావు.
తప్పు చేసినవాడి కోసం
మోకాటి లోతు నీళ్లలో నిలబడి జమ్ము దుబ్బులన్నీ చూశాను.
ఎవరూ లేరు.
గట్ల మీద పలకరించుకోనివాళ్లు మాత్రం
నీళ్లలో చేతులు కలిపి ఉన్నారు.

నిన్న భోజనాల దగ్గర నోటు పుస్తకం నీ ముందు పెట్టాను.
నువ్వు నవ్వుతావనుకున్నాను.
రొట్టె ముక్కతో కంచం అంచు తుడుస్తూ
ఒక్కటే అడిగావు:
"రెండింటికీ మధ్య ఎన్ని రోజులుండాలి?"

తెలీదురా.
ఆ గ్లాసు ఇంకా పెట్టలేదు.
రేపు పెడతాను. ఇరవై పురుగులు, కడిగిన కుంచె.
నువ్వు గురువారం ఎవరి చేలో ఉంటావో
చీటీ మీద రాసి పంపు.